ఖాళీగా ఉన్నా ఖర్చే

మా పిన్ని యాభయ్యో ఏట ఒక ఫ్లాట్ కొంది. తను ఉండడానికి కాదు, అద్దెకివ్వడానికి. అప్పటికి బాబాయి పోయి ఏడాది దాటింది.

బాబాయి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో వెనక్కి వాలి టీవీ చూస్తూనే పోయాడు. వంటిల్లు సర్దుకుని వచ్చిన పిన్ని ఆయన నిద్రపోతున్నాడనుకుంది. ఫ్యాను గాలి నేరుగా తగులుతోందని దుప్పటి కప్పింది, టీవీ సౌండు తగ్గించింది. పక్కనే కింద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టుకుంది. టీ పెట్టి తెచ్చి లేపబోతేగానీ తెలియలేదు.

మేమంతా వెళ్లేసరికి ఆ టీ గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. పిన్ని గోడకానుకుని కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఆ రోజూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేసింది, వెళ్లేవాళ్లతో గుమ్మం దాకా వెళ్లింది. "గుండె రాయి చేసుకుంది పాపం" అని కొందరన్నారు. "ఏం పాపం, ఉన్నదే రాయి" అని ఇంకొందరు మెట్ల దగ్గర గుసగుసలాడారు. మా అమ్మ మాత్రం చెల్లెల్ని పట్టుకుని, "కాస్త ఏడువే, తేలికపడతావు" అని బతిమాలింది.

"వస్తే ఏడవనా అక్కా? రానిది ఎక్కణ్ణుంచి తేను?" అంది పిన్ని.

ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. వార్డుల నుంచి దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు మూటలుగా తోపుడుబళ్ల మీద వచ్చేవి. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి వదిలితే, అవతల మరో ఇద్దరు అందుకుని మడతపెట్టేవాళ్లు. పిన్ని ఆ అవతలివైపు మనిషి. ఏళ్ల తరబడి ఆ వేడికి అరచేతులు మొద్దుబారిపోయాయి. మేం ముట్టుకోలేని గిన్నెను ఆమె మసిగుడ్డ లేకుండా పొయ్యి మీంచి దించేది. బాబాయి పోయిన వారానికే డ్యూటీలో చేరింది. ఇంట్లో ఉండి ఏం చెయ్యాలో తెలియలేదంది.

బాబాయి కంపెనీ నుంచి రావాల్సినవి, బీమా, దాచుకున్నదీ కలిపి ముప్పైరెండు లక్షలు వచ్చాయి. ఆ డబ్బు మామూలు ఖాతాలో చాలాకాలం ఊరికే పడి ఉంది. పిన్నికి పిల్లల్లేరు. ఉన్న ఇల్లు చిన్నదైనా సొంతం, జీతమూ సరిపోతోంది. ఆ డబ్బు గురించి ఆమె తప్ప అందరం ఆలోచించాం.

చివరికి మావయ్య ఒకరోజు మా ఇంట్లో పంచాయితీ పెట్టాడు. మావయ్య అంటే అమ్మకీ పిన్నికీ ఒక్కగానొక్క తమ్ముడు. టైల్స్ దుకాణం నడిపేవాడు. నేలా గోడా ఉన్న ప్రతిదీ మంచి పెట్టుబడే అని ఆయన నమ్మకం. నేను ఆడిటర్ దగ్గర పనిచేస్తాను కాబట్టి లెక్క చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు.

"బ్యాంకులో డబ్బు పెట్టడమంటే ఐసుగడ్డని ఎండలో పెట్టినట్టే అక్కా" అన్నాడు మావయ్య. "ఏడాదేడాదికీ కరిగిపోతుంది. ఒక ఫ్లాట్ కొను. అద్దె అద్దె, ధర ధర."

"అద్దె తొమ్మిది వేలొస్తుందనుకుందాం మావయ్యా" అన్నాన్నేను. "అందులో మెయింటెనెన్స్ పదిహేను వందలు పోతుంది. ఇంటి పన్ను కట్టాలి. ఒకళ్లు ఖాళీచేసి ఇంకొకళ్లు చేరేలోపు నెలో రెండు నెలలో అద్దె రాదు. మళ్లీ సున్నాలు, రిపేర్లు, బ్రోకరు. అన్నీ పోను నెలకి ఆరు వేలు మిగిలితే గొప్ప. అదే డిపాజిట్ వేస్తే నెలకి పద్దెనిమిది వేల పైమాటే. వేలు కదపక్కర్లేదు."

"మరి ధర పెరగదూ?"

"పెరగొచ్చు. కట్టడం పాతబడుతుంది కూడా."

"కట్టడం పాతబడుతుందే, స్థలం పాతబడుతుందా?"

"ఫ్లాట్లో మన వాటాకొచ్చే స్థలమెంత? మంచం వేస్తే పక్కన నిలబడ్డానికి ఉండదు."

"చదివిస్తే ఇదే నేర్చుకుంది" అన్నాడు మావయ్య అమ్మ వైపు తిరిగి. "ఏది చెప్పినా అందులోంచి తీసేస్తుంది."

అమ్మ నవ్వలేదు. "ఇంతకీ ఎవరికోసమే ఇదంతా?" అని చెల్లెల్ని అడిగింది. అడిగాక, అడక్కుండా ఉండాల్సిందని ఆమెకే అనిపించినట్టుంది, లేచి లోపలికెళ్లింది.

పిన్ని అంతసేపూ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. "ఫ్లాట్ ఉంటే పనేమైనా ఉంటుందా?" అని నన్నడిగింది.

"పనంటే?"

"అదే, వెళ్లడం, చూడ్డం, ఎవరితోనైనా మాట్లాడ్డం."

"బోలెడు. తల బొప్పికట్టేంత" అన్నాను, భయపెడదామని.

"ఆదివారాలు చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చు."

"అయితే కొందాం" అంది.

అదీ ఆమె వేసుకున్న లెక్క. నేను చెప్పిన పద్దెనిమిది వేలూ, మావయ్య చెప్పిన ధరా ఆమె చెవికి ఎక్కలేదు.

మావయ్య తనకు తెలిసిన బ్రోకర్ని పంపాడు. నడుముకి గజ్జెల్లా తాళాలగుత్తి వేలాడేసుకుని తిరిగేవాడు, అందుకని మేం తాళాలాయన అనేవాళ్లం. ప్రతి ఫ్లాట్లోనూ మొదట కిటికీ తెరిచి, "గాలి చూడండి మేడమ్, ఫ్యానెందుకు?" అనేవాడు. పిన్ని గాలి సంగతి పట్టించుకునేది కాదు. కొళాయిలు తిప్పి చూసేది. వంగి కాలువ కన్నం దగ్గర వాసన చూసేది. ఆ తర్వాత వెళ్లి గోడకి చెంప ఆనించేది. లాండ్రీలో దుప్పటి ఆరిందో లేదో వాళ్లు అలాగే చూస్తారు, అరచేతులకి తెలియదు కాబట్టి. మొదటిసారి చూసి తాళాలాయన బెదిరిపోయాడు. "మేడమ్‌కి ఒంట్లో బాగుందా?" అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

నాలుగు ఆదివారాలు తిరిగాక రెండో అంతస్తులో ఒక ఫ్లాట్ కుదిరింది. ఒక పడకగది, ముందు గది, వంటిల్లు. ధర ఇరవయ్యెనిమిది లక్షలు. మిగిలిన నాలుగు లక్షలు చేతిలో ఉంటాయని మావయ్య ధీమా. రిజిస్ట్రేషన్‌కి రెండు లక్షల పైన అయింది. లాయరు కాగితాలు చూసినందుకు, తాళాలాయన కిటికీలు తెరిచినందుకు, అసోసియేషన్‌లో పేరు మార్చినందుకు తలా కొంత. సున్నాలు, గీజరు, వరండాకి ఇనుప గ్రిల్లు. నేల మీద పగిలిన టైల్స్ మావయ్యే మార్పించాడు, కొన్న ధరకే వేశానని ఒట్టేసి మరీ డబ్బు తీసుకున్నాడు. అన్నీ అయ్యేసరికి పిన్ని ఖాతాలో ఒక నెల జీతమంత మిగిలింది.

"ఇంకేమైనా కట్టాలా?" అని అడిగింది నన్ను.

"ప్రస్తుతానికి లేదు పిన్నీ."

"సరే" అంది. కొన్నందుకు సంతోషం గానీ ఖర్చయినందుకు బాధ గానీ ఆ ముఖంలో నాకు కనపడలేదు.

మొదట చేరింది కొత్తగా పెళ్లయిన జంట. ఎనిమిది నెలలున్నారు. గోడలకి ఎక్కడపడితే అక్కడ మేకులు కొట్టారు, వంటింటి సింకు పగలగొట్టారు. ఖాళీచేసేటప్పుడు అది ముందునుంచే పగిలి ఉందని దబాయించారు. అడ్వాన్సులోంచి పట్టుకో పిన్నీ అని నేను ఫోన్లో గట్టిగా చెప్పాను. ఆమె మొత్తం తిరిగిచ్చేసింది.

"ఎందుకిచ్చావ్?"

"ఆ అమ్మాయి అరుస్తోంది. చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ ఆపదే."

"నువ్వూ అరవాలి."

"నాకు అంత కోపం రాలేదే" అంది.

ఆ తర్వాత రెండు నెలలు ఫ్లాట్ ఖాళీగా ఉంది. అద్దె రాకపోయినా మెయింటెనెన్స్ కట్టమని అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. ఎవరూ ఉండని ఇంటికి నీళ్లెవరు వాడారని పిన్ని అడిగితే, "లిఫ్టు, వాచ్‌మన్, మెట్ల మీద లైటు, ఇవన్నీ మీ ఇల్లు ఖాళీ అని ఆగవు కదమ్మా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పిన్ని కట్టింది.

అప్పుడొచ్చారు డ్రాయింగ్ మాస్టారూ, ఆయన కూతురూ. మాస్టారు బడిలో రిటైరైన మనిషి. కూతురు మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేది. ముప్పై దాటి ఉంటాయి. అద్దె నెల మొదటి వారంలోనే వచ్చేసేది. పిన్ని ఆదివారాలు వెళ్లేది. ఏదో ఒకటి ఉండేది చెయ్యడానికి. గొళ్లెం పట్టకపోవడం, ట్యూబులైటు మిణుకుమనడం, కొళాయి వాషరు అరగడం. పిన్ని తన సంచిలో స్క్రూడ్రైవరు, వాషర్ల పొట్లం పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది.

చెంప ఆనించి చూసి కొన్న గోడలు బాగానే ఉన్నాయి. పైకప్పుకి చెంప ఆనించలేదు కదా. వానలు మొదలయ్యాక ముందు గదిలో, సరిగ్గా మాస్టారి మంచం పైన, తడి మచ్చ తేలింది. పై ఫ్లాట్ బాత్రూంలోంచి దిగుతోంది. పై ఫ్లాట్ ఓనరు ఎక్కడో దూరాన ఉంటాడు, ఫోన్ ఎత్తడు. సెక్రటరీ అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన విషయమన్నాడు. మాస్టారు మాత్రం స్టూలెక్కి ఆ మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీత గీశాడు. వారం తర్వాత మచ్చ గీత దాటితే మళ్లీ కొత్త అంచు గీశాడు. అలా గీత మీద గీత.

"నేనొచ్చినప్పుడు దీవిలా ఉండేదండీ" అన్నాడు పిన్నితో. "ఇప్పుడు ఖండమైంది. ఓడరేవులు కూడా వచ్చేశాయి చూడండి."

"మీద పడుతుందేమో. మంచం జరపండి మాస్టారూ."

"జరిపితే కనపడదండీ. పడుకుని చూస్తూంటే పొద్దు పోతుంది."

పిన్ని నాకిది చెప్పి, "ఆయన జోకేశాడు. నవ్వాల్సింది" అంది. నవ్వనందుకు తర్వాత గుర్తొచ్చి నొచ్చుకుందో, ఊరికే చెప్పిందో నాకు అర్థం కాలేదు.

పై ఓనరుతో ఆర్నెల్లు తంటాలుపడి, చివరికి ఆ బాత్రూం రిపేరు ఖర్చులో సగం పిన్నే పెట్టుకుంది. మనింట్లో కారుతుంటే వాళ్లింటి నేలకి మనం డబ్బులివ్వడమేంటని నేను పోట్లాడాను. కారడం ఆగిందిగా అంది. పైకప్పుకి మళ్లీ సున్నం వేయిస్తానంటే మాస్టారు వద్దన్నాడు. ఆ గీతల ఖండం అలాగే ఉండిపోయింది.

మూడో ఏడు ఒక పొద్దున మాస్టారి కూతురు పిన్నికి ఫోన్ చేసింది. "ఆంటీ, నాన్న లేవడం లేదు."

పిన్ని ఆటో ఎక్కి వెళ్లింది. డాక్టరు వచ్చి చూసి చెప్పేసరికి పక్క ఫ్లాట్లవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. ఆ తండ్రీకూతుళ్లకి దగ్గరివాళ్లంటూ ఎవరూ లేరు. అన్నీ పిన్నే చూసింది. ఆయన్ని తీసుకెళ్లాక మంచం మీద దుప్పటి ఒక కొస తను పట్టుకుని రెండో కొస వాచ్‌మన్ భార్య చేతికిచ్చి మడతపెట్టింది.

ఆ అమ్మాయి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడుస్తోంది. పమిట నోట్లో కుక్కుకుని, ఊపిరాడనట్టు, ఒళ్లంతా కదిలిపోతూ ఏడుస్తోంది. పిన్ని గ్లాసుతో నీళ్లు తెచ్చి ఎదురుగా నిలబడింది. చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఎలా ఏడుస్తున్నావమ్మా?"

అమ్మాయి తలెత్తింది. ఎత్తిపొడుపనుకుంది. పిన్ని ముఖం చూశాక కాదని తెలిసింది.

"ఏమో ఆంటీ. అదే వస్తోంది" అంది.

"అలాగా" అంది పిన్ని. నీళ్లిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఉండి, తీసుకెళ్లి కడిగి బోర్లించింది. ఈ సంగతి పిన్ని నాకు చెప్పలేదు. చాలాకాలం తర్వాత ఆ అమ్మాయే మందుల దుకాణంలో కనపడినప్పుడు చెప్పింది.

అమ్మాయి ఆ ఇంట్లో ఉండలేనంది. తొమ్మిది వేలు ఒక్కతే కట్టనూ లేదు. పిన్ని తనకు తానుగా అద్దె ఆరు వేలకి తగ్గిస్తానంది. మా అమ్మ అది విని చెల్లెలి మనసు వెన్న అని మురిసిపోయింది. "వెన్నా లేదు ఏమీ లేదు. ఖాళీగా ఉంటే ఎదురు నేనే కట్టాలి. ఆరయినా వస్తే మేలు కదా" అంది పిన్ని. ఆ లెక్క సరైనదే, నేనూ అదే చెప్పేదాన్ని. కానీ ఆ అమ్మాయి పైకప్పు మీది గీతలు చూడలేకపోయింది. నెలాఖరుకి స్నేహితురాలి దగ్గరికి వెళ్లిపోయింది. అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు పిన్ని ఏమీ పట్టుకోలేదు.

పిన్ని పైకప్పుకి సున్నం వేయించింది. తాళాలాయన మళ్లీ మనుషుల్ని తీసుకురావడం మొదలెట్టాడు. కిటికీ తెరిచి గాలి గురించి చెప్పేవాడు. వాళ్లు తలూపేవాళ్లు. ఇంతలో పిన్ని, "ఈ గదిలో ఒక మాస్టారు పోయారండీ, నిద్రలోనే" అనేది.

వచ్చినవాళ్లు అడ్రసు తప్పి వచ్చినట్టు చెప్పులు వేసుకునేవాళ్లు.

"మేడమ్, వాళ్లడగలేదు కదా!" తాళాలాయన నెత్తి కొట్టుకున్నాడు. "అడిగితే అబద్ధం చెప్పమనడం లేదు. అడక్కముందే ఎందుకు చెప్తారు?"

"పక్కింటివాళ్లు ఎలాగూ చెప్తారు. సామాను దింపుకున్నాక తెలిస్తే మళ్లీ ఎత్తుకోవాలి."

"ఇలాగైతే ఈ తాళం తుప్పు పడుతుంది."

మావయ్య కూడా వచ్చి చెప్పి చూశాడు. పిన్ని ఆయన వైపు నిజంగానే అర్థంకానట్టు చూసింది. "మా ఇంట్లో మీ బావ పోయాడు. ఆ కుర్చీ అక్కడే ఉంది. నేను రోజూ కూర్చుంటూనే ఉన్నాను. వీళ్లకేమైందిరా?"

మావయ్య వాచీ చూసుకుని, దుకాణం తెరవాలంటూ లేచాడు.

నెలలు గడిచాయి. అద్దె లేదు. మెయింటెనెన్స్, పన్ను పిన్ని జీతంలోంచి పోతూనే ఉన్నాయి. ఆ మధ్యలో అసోసియేషన్ బిల్డింగంతటికీ రంగులు వేయిద్దామని తీర్మానించి ప్రతి ఇంటికీ ఒక వాటా వేసింది. అమ్మెయ్యమని ఈసారి నేను గట్టిగా చెప్పాను. "ఇలాంటి పేరున్నప్పుడు అడిగేవాడు సగానికి అడుగుతాడు" అన్నాడు మావయ్య. అదీ నిజమే.

అప్పుడు పిన్ని ఒక పని చేసింది. తన ఇంటికి తాళం వేసి, ఒక పరుపు, స్టవ్వు, నాలుగు గిన్నెలు పట్టుకుని ఆ ఫ్లాట్లోకి వెళ్లిపోయింది. ఎవరైనా ఉంటున్నట్టు కనపడితే జనం భయం పోతుందని ఆమె ఉద్దేశం. అమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

వానాకాలమంతా అక్కడే ఉంది. నేనొకసారి వెళ్లాను. ముందు గదిలో, మాస్టారి మంచం ఉండిన చోటే పరుపు వేసుకుంది. వరండాలో దండెం మీద ఆమె చీర ఆరుతోంది. మేం టీ తాగుతుంటే బయట లిఫ్టు కదిలింది. పిన్ని గ్లాసు దించి విన్నది.

"తాడు ఒరుసుకుంటోంది" అంది. "నూనె పెట్టించమని సెక్రటరీకి రెండుసార్లు చెప్పాను. ఇంటికొచ్చాక కూడా మీ బాబాయి చెవిలో ఇదే మోగేదట. వినపడుతోందా అని నన్నడిగేవాడు. నాకేం వినపడేది కాదు."

"ఇప్పుడు వినపడుతోందా?"

"ఇక్కడ వేరే పనేముంది" అంది. టీ చల్లారిందని లోపలికెళ్లి వేడిచేసుకొచ్చింది.

ఆ ఫ్లాట్‌కి మనుషులు దొరికింది తాళాలాయన వల్ల కాదు. ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు హాస్టల్ ఖాళీ చెయ్యాల్సొచ్చి ఇల్లు వెతుక్కుంటున్నారు. వార్డు దుప్పట్ల లెక్క దగ్గర మాటల్లో పిన్నికి తెలిసింది. వాళ్లని తీసుకొచ్చి చూపించి, అలవాటు ప్రకారం, "ఈ గదిలో ఒకాయన పోయారు" అంది.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. చిన్న నర్సు కిసుక్కున నవ్వింది. "మా వార్డులో మొన్న ఒక్క రోజే ముగ్గురు పోయారాంటీ. అక్కడే అన్నం తిన్నాం. నీళ్లు ఎన్నింటికొస్తాయో చెప్పండి."

పూర్తి అద్దెకే చేరారు. నాలుగేళ్లున్నారు. ఒకామెకి పెళ్లయి వెళ్లిపోతే ఆ స్థానంలో ఇంకో నర్సు వచ్చింది. మధ్యలో గీజరు కాలిపోయింది, నీళ్ల మోటారు ఖర్చు పంచుకోవాల్సొచ్చింది, తలుపు చెక్క ఉబ్బింది. పిన్ని తన సంచి పట్టుకుని ఆదివారాలు వెళ్లేది. ఎప్పుడైనా నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సులు నిద్రపోతుంటే తన దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుని వెళ్లి, చప్పుడు కాకుండా వాషరు మార్చి వచ్చేసేది.

ఏడో ఏడు అసోసియేషన్ కొత్త లిఫ్టు పెట్టించాలంది. పాతది ఇక బాగుచేసినా ఆగదని కంపెనీవాళ్లు తేల్చారు. ఇంటికి లక్షన్నర వాటా. పిన్ని మీటింగుకి వెళ్లి, నాలుగేళ్ల కిందట తను చెప్పినప్పుడే నూనె పెట్టించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని చెప్పి, చెయ్యెత్తి ఒప్పుకుని వచ్చింది. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"రెండేళ్లలో మిగిలే అద్దె ఆ లిఫ్టులోకి పోతుంది కదే."

"దాదాపు పోతుంది పిన్నీ."

"నాకు మోకాళ్లు నొప్పి. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. అమ్మేద్దాం."

కొనడానికి ఎంతసేపు ఆలోచించిందో అమ్మడానికీ అంతే. లిఫ్టు వాటా తను కట్టి, కట్టిన రసీదుతో సహా అమ్మకానికి పెట్టింది. ఒక యువజంట వచ్చారు, వాళ్లూ అద్దెకివ్వడానికే కొంటున్నారు. పిన్ని వాళ్లకి అంతా చెప్పింది. ఖాళీ నెలల గురించి, పై బాత్రూం గురించి, మాస్టారి గురించి. ఆ కుర్రాడు ఓపిగ్గా విని, "అవన్నీ సరే అమ్మా, ధర పెరుగుతుంది కదా" అన్నాడు. మావయ్య ఆ కుర్రాణ్ణి కన్నకొడుకుని చూసినట్టు చూశాడు.

నలభైయొక్క లక్షలకి అమ్ముడుపోయింది. తొమ్మిది లక్షల లాభమని మావయ్య లడ్డూలా పంచాడు ఆ మాటని చుట్టాలందరికీ. నేను కూర్చుని లెక్క వేశాను. వచ్చిన అద్దెలన్నీ కలిపి, ఖాళీ నెలలు, రిపేర్లు, రంగులు, లిఫ్టు, అమ్మినప్పటి బ్రోకరు తీసేస్తే చేతికొచ్చింది నలభైమూడు లక్షల లోపే. మొదటిరోజు నేను చెప్పినట్టు డిపాజిట్ వేసి వడ్డీ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే యాభై దాటేది. ఈ సంగతి చెప్పాలా వద్దా అని కొన్నాళ్లు నానబెట్టి, చివరికి చెప్పాను. పిన్ని అంతా విన్నది.

"అంటే ఏడెనిమిది లక్షలు పోయినట్టా?"

"పోయినట్టే లెక్క."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఏడేళ్లకి," అంది. "అంత పెద్ద ఖర్చేం కాదులే."

ఈసారి నేను చెప్పినట్టే డిపాజిట్ వేసింది. నెలనెలా వడ్డీ పడుతుంది. పిన్ని రిటైరైంది. పోయిన వారం వెళ్లినప్పుడు ఎలా ఉంది పిన్నీ, హాయిగా ఉందా అని అడిగాను.

"బాగానే ఉంది. ఒకటో తారీకున ఫోన్ మోగుతుంది. చూస్తే మెసేజీ. అంతే, మళ్లీ నెల దాకా ఎవరూ పిలవరు." నా వైపు తిరిగి, "మీ ఇంట్లో కొళాయిలేమైనా కారుతున్నాయా?" అంది.

లేదనబోయాను. నిజంగానే గుర్తొచ్చింది. "బాత్రూంలోది కారుతోంది. అంత పెద్దగా కాదు. ఆర్నెల్ల నుంచి."

"ఆర్నెల్లా?" పిన్ని గొంతు ఒక్కసారిగా లేచింది. అంత గట్టిగా ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. "బుద్ధుందా నీకు? చదువుకున్నావ్, లెక్కలు చెప్తావ్, ఆర్నెల్ల నీళ్లు కాలవలో పోస్తావా? ఎవరబ్బ సొమ్మనుకుంటున్నావ్?"

ఇంకా తిడుతూనే మోకాలు పట్టుకుని లేచి, తలుపు వెనకున్న చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.